గమనించడమైనది

హాజరు: పద్నాలుగు మంది.
గైర్హాజరు: ఇద్దరు. ఒకరికి ఫ్లూ,
ఒకరికి కారు కదల్లేదు,
ఈ విస్కాన్సిన్ జనవరికి బ్యాటరీలు బతకవు.
పదకొండేళ్లుగా సిబ్బంది సెనేట్‌లో
ఎవరేమన్నారో నేనే రాస్తాను.
ఏమనబోయి ఆగారో, అది రాయను.

ఆర్థిక ఉపాధ్యక్షుడు హాల్వర్సన్ గారు తెర మీద పటం వేశారు.
నీలం గీత ఆదాయం, దిగుతోంది.
ఎర్ర గీత ఖర్చు. అంటే మేము.
పిండి కొద్దీ రొట్టె అనే మాటనే ఆయన పావుగంట చెప్పారు.
"వనరుల పరిమితి వివరించడమైనది" అని రాశాను.
జీతాల పెంపు, ఒక శాతం.

బాయిలర్ హౌస్ ఆర్విడ్ లేచాడు.
ముప్పై చలికాలాలుగా ఈ భవనాలన్నింటికీ ఆవిరి పంపే మనిషి,
జేబులోంచి కరెంటు బిల్లు తీసి, వెనక వేసుకున్న లెక్క చదివాడు:
"ఒక శాతమంటే నాకు ఏడాదికి నాలుగు వందల అరవై డాలర్లు.
పార్కింగ్‌కి మీరు పెంచేది నూట ఎనభై.
బీమాకి మూడు వందల పది.
లెక్కన నేనే మీకు ముప్పై బాకీ.
ఇప్పుడే ఇచ్చేయమంటారా?"
నవ్వారు. నవ్వు మినిట్స్‌కి ఎక్కదు.
గమనించడమైనది.

అప్పుడు చివరి కుర్చీలోంచి పా హువా మువా చెయ్యెత్తింది.
రాత్రి షిఫ్టు. పాలక భవనం మూడో అంతస్తు తుడుస్తుంది.
నిద్ర ఆపుకుని వచ్చింది, కోటు కూడా విప్పలేదు.
ఇంట్లో హ్మాంగ్ మాట్లాడే ఆ గొంతు
ఇక్కడ ఒక్కో మాటనీ చిల్లర లెక్కపెట్టినట్టు బల్ల మీద పెట్టింది:

"నవంబరు ఆరు రాత్రి, మీ గదిలో బోర్డు మీద
క్లీనింగ్ అని ఉంది. పక్కన గీత. గీత పక్కన పదకొండు.
తుడవమని చీటీ అంటించారు. తుడిచాను.
మొండి మార్కరు, రెండుసార్లు మందు కొట్టాను.
మేం ఇరవై ముగ్గురం.
ఆ పదకొండు,
పోయేవాళ్లా, మిగిలేవాళ్లా?"

హాల్వర్సన్ గారు నీళ్లసీసా మూత తిప్పారు, మళ్లీ బిగించారు.
"అవి ఆలోచన దశలోని అంకెలు."
అబద్ధమని నేననను.
ఆయన పైన రీజెంట్లు, వాళ్ల పైన రాజధాని,
ఆ పైన వచ్చే ఎన్నిక.
అంత ఎత్తునుంచి చీపురు కనబడుతుందేమో గానీ
పట్టుకున్న చెయ్యి కనబడదు.

"ఒక సభ్యురాలు సిబ్బంది సంఖ్యపై స్పష్టత కోరారు."
అలవాటైన వాక్యం, చెయ్యి దానంతటదే రాసేసింది.
కొట్టేశాను.
పేరు రాశాను. తేదీ రాశాను.
పదకొండు అని అక్షరాల్లో రాశాను,
అంకెలైతే చెరపడం తేలిక.

ఫిబ్రవరి. మొదటి అంశం: గత మినిట్స్ ఆమోదం.
అధ్యక్షురాలు మార్లిస్ "ఒక చిన్న సవరణ" అంది, నా వైపు చూడకుండా.
ఆ సంఖ్య అవసరమా అని.
మా తీర్మానాలు సమాచారం కోసం పైకి పోతాయి,
ఏ సొరుగులో నిద్రపోతాయో మాకు తెలీదు.
మేం ఏం మాట్లాడుకున్నామన్న సంగతొక్కటే
మేం తేల్చుకోగలిగింది.
ఆర్విడ్ చెయ్యెత్తకుండానే అన్నాడు, "ఉండనీ."
ఉండాలని తొమ్మిది, వద్దని మూడు, తటస్థం ఇద్దరు.
పా హువా రాలేదు.
ఆ వారమే ఆమెను వేరే భవనానికి మార్చారు.

పార్కింగ్ మాత్రం పెరిగింది.
ఇప్పుడు డెయిరీ విభాగం కొట్టాల అవతల, డబ్బు కట్టక్కర్లేని చోట
కారు ఆపి పద్దెనిమిది నిమిషాలు నడుస్తున్నాను.
నిన్న పొద్దున ఎదురొచ్చింది, తను ఇంటికి, నేను పనికి.
"రాశావా?"
"రాశాను."
"ఏ రంగు?"
"నలుపు."
మంచు అంటిన బూట్లు గట్టుకు కొట్టి దులుపుకుంది.
"నల్లది కష్టం," అంది,
"రెండుసార్లు కొట్టాలి."