ఒక్క పన్ను తేడా

కుతాయిసిలో, మా మెట్ల కింద నా జిగులీ.
నాకంటే ఆరేళ్ళు చిన్నది, నాకంటే ఎక్కువ మూలుగుతుంది.
కొన్నప్పుడే స్టీరింగు బీటలు వారి ఉంది:
వేసవిలో చేతికి జిగురు, చలికాలం మంచుకడ్డీ.
తెల్లవారుజామున నాలుగింటికి
కత్తుల్లా వంగిన షోతి రొట్టెలు నలభై వేసుకుని బయల్దేరతాను.
వాటి వేడికి అద్దాలకు చెమట పడుతుంది.
నా వేళ్ళకు మాత్రం వాతం.
అందుకని ఈ కొత్త చక్రం.
తోలు తొడుగు, మూడు ఊచలు, లావుపాటి పట్టు.
ఏ బండికైనా సరిపోతుందన్నాడు సంతలో అమ్మినవాడు.
అలా అన్నవాళ్ళ దగ్గర ఇదివరకు చెప్పులు కూడా కొన్నాను.

ముందు బ్యాటరీ తీగ ఊడదీశాను.
నడిమి మూత పెకిలిస్తే ఇరవైనాలుగో నంబరు నట్టు.
బాల్కనీలో అక్రోట్లు కొడుతూ వాజా,
"సుత్తి పెట్టి కొట్టు, త్సియూరీ!"
"సుత్తి వద్దు," లోపల్నించి ఆయన భార్య ఏతెరీ.
ఆమెకు కార్ల సంగతి తెలియదు. వాజా సంగతి తెలుసు.

నట్టు పూర్తిగా విప్పకూడదు.
నాలుగు మరలు ఉంచి, రెండు చేతులా పట్టి ఊపాలి.
చక్రం ఒక్కసారిగా ఊడి మూతి మీదికి రాకుండా
ఆ నట్టే అడ్డం.
ఈ పాఠం నాకు ఎవరూ చెప్పలేదు,
కిందటేడు విరిగిన ముందుపన్ను చెప్పింది.

ఊపాను. తిట్టాను. మళ్ళీ ఊపాను.
ఏళ్ళ తరబడి పట్టిన తుప్పు
కిర్రుమని, అలిగిన మనిషి నోరు విప్పినట్టు, వదిలింది.

పాతదాన్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తే
ఏడు గంటల చోట ఒక పల్లం.
గరుకంతా పోయి ఏటి గులకరాయిలా నున్నగా.
నా బొటనవేలు అందులో సరిగ్గా కూర్చుంది.
మిగతా చక్రమంతా ఎవరూ ముట్టనట్టే ఉంది.
అమ్మినతన్ని నేను చూడలేదు.
కాగితాల మీద శాల్వా అని పేరు, తొందరపాటు సంతకం.
కుడిచెయ్యి గేరుకిచ్చి
ఎడమచెయ్యి తొడమీద వాల్చి నడిపాడన్నమాట ఇన్నేళ్ళూ.
పోలీసు కనబడితే రెండు చేతులూ వేసేవాడేమో,
ఆ అరుగుదల ఎక్కడా లేదు.
దారి ఎక్కువ, పోలీసులు తక్కువ.

గోళ్ళరంగుతో కడ్డీ పళ్ళమీద గీత గీసుకున్నాను.
గ్రీజు దాన్ని మింగేసింది.
అందాజుగా బిగించాను.
బ్యాటరీ తగిలించగానే హారను మొదలైంది.
ఆగలేదు.
స్ప్రింగు రాగి కడియాన్ని కరిచి పట్టుకుంది కాబోలు.
మూడో అంతస్తు బాబుత్సా పెళ్ళి ఊరేగింపు అనుకుని
కిటికీ తెరిచి చప్పట్లు కొట్టింది.
వాజా ఒంటి చెప్పుతో దిగొచ్చాడు,
చేతిలో ఆ సుత్తే.

ఇప్పుడు వానీ వైపు దారి తిన్నగానే ఉంటుంది,
నా చక్రం మాత్రం వాలి ఉంటుంది,
కుడివైపుకు కొంచెం,
మాట సరిగ్గా వినబడనివాడు తల వంచినట్టు.
ఒక్క పన్ను తేడా.
పైగా దీని అంచు మీటరుకు అడ్డం:
యాభైకీ ఎనభైకీ మధ్య నా వేగం దేవుడికే ఎరుక.
చిన్న చక్రం కనుక బండి నిలబెట్టేటప్పుడు భుజాలు పట్టేస్తాయి.
వేళ్ళు మాత్రం పడుకుంటాయి హాయిగా.

తీసి సరిచెయ్యి అంటాడు వాజా. రేపు అన్నాను.
అది చెర్రీలు పూసినప్పుడు. ఇవాళ ద్రాక్ష కోతలు.

మలుపులు దాటాక నా ఎడమచెయ్యి
చెప్పకుండానే జారి తొడమీద ఆగుతోంది.
నేను అతన్ని అనుకరించడం లేదు.
ఆ సీటు ఎత్తు అంతే, ఎవరి చెయ్యైనా అక్కడికే పోతుంది.
ఆ చోట తోలు ఇప్పుడిప్పుడే నున్నబడుతోంది.
పన్ను సరిచేస్తే
ఈ నునుపు నా చేతికింద నుంచి పక్కకు జరిగిపోతుంది,
మళ్ళీ మొదటినుంచి అరగదియ్యాలి.

ఇది వాజాకు చెప్పే సాకు.
అసలు సంగతి ఆ నట్టూ, నా మిగిలిన పళ్ళూ.