ఎడమ సగం

నా పని రాయిని కోయడం.
చదవడం లుడివీన్ పని.
ఆమె మెడలో దారానికి భూతద్దం వేలాడుతుంది,
నా చెవుల్లో రెండు బిరడాలు.

ఫిబ్రవరి. సరస్సు మీద మూడడుగుల మందాన మంచు,
మంచు మీద డ్రిల్లు,
డ్రిల్లు కింద నీళ్లు, నీళ్ల కింద బురద,
బురద కింద, ఎవరూ పిలవని లోతులో,
రెండువందల డెబ్బై కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు.
అక్కడ లావా నీళ్లలోకి పొంగి
తలగడల్లా ఉబ్బి, ఒకదాని మీద ఒకటి పడి గడ్డకట్టిందట.
నిన్న రాత్రి తనే పక్క సర్దినట్టు చెబుతుంది లుడివీన్.
నాకు కనిపించేవి ముదురాకుపచ్చ కడ్డీలు,
మణికట్టు లావువి,
తడిపితే చేప వీపులా నిగనిగ,
ఆరితే బూడిద.

నలభై ఏడో పెట్టె. రెండువందల పన్నెండు మీటర్లు.
ఆ ఆకుపచ్చని అడ్డంగా చీల్చుకుని
జానెడు పలుగురాయి.
విరిగిన పాల తెలుపు, అంచుల్లో తుప్పు,
తుప్పులో కాకిబంగారం, పాచికలు పాచికలుగా.
"ఇది కాదు" అంది లుడివీన్. సీసాతో నీళ్లు చిలకరించింది.
"ఇదీ కాదు."
తర్వాత ఏమీ అనలేదు.

ఆ ఏమీ అనకపోవడం గుడారమంతా వినిపించింది.
వంటాయన గాస్పార్ పిండి చేతులతోనే వచ్చాడు.
డ్రిల్లు కుర్రాళ్లు తొడుగులు విప్పకుండానే వరసకట్టారు.
ఒక్కొక్కరూ ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూశారు,
పురిటిగది తలుపు సందులోంచి చూసినట్టు.

ఆవగింజలో సగం.
మెరవదు అది. మెరిసేవి పక్కనున్న దొంగలు.
అది ఊరికే పసుపుపచ్చగా ఉంటుంది,
ఎటు తిప్పినా అదే రంగు,
ఎవరడిగినా ఒకే మాట చెప్పే మనిషిలా.

ఎర్ర పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టింది.
కడ్డీ పొడుగునా గీత గీసింది: ఇక్కడ కొయ్యి.
కుడి సగం సంచిలోకి, సంచి ట్రక్కులోకి, ట్రక్కు ప్రయోగశాలకి.
ఎడమ సగం పెట్టెలోనే.
నేను చేరిన రోజునే నేర్పిన పద్ధతి.

వజ్రపు పళ్ల రంపం. నీళ్లు పోస్తూ కోయాలి.
పలుగు తగలగానే దాని గొంతు మారుతుంది,
ఏడుపు కాదు, పంటి కింద ఇసుక.
తెల్లటి నీళ్లు నా మోచేతుల దాకా.
రెండు సగాలూ రెండు చేతుల్లో పట్టుకున్నాను.
ఒకటి ఉత్త రాయి.
ఇంకోదాని మీద ఎర్ర సున్నా.

మూడు వారాలకి కాగితం వచ్చింది:
టన్నుకి గ్రాములో మూడో వంతు.
టొరంటోలో ఎవరో ఆ అంకె చదివి కాఫీ తాగి ఉంటారు.
డ్రిల్లుని పడమటికి, ఇంకో సరస్సుకి మార్చమన్నారు.
లుడివీన్ ఫోనులో అరిచింది:
అది కుప్పపోసినట్టు ఉండదు, చల్లినట్టు ఉంటుంది,
ఈ చేరెడులో ఉంటే పక్క చేరెడులో ఉండదు,
ఎడమ సగం పంపిస్తాను, ఒక్కసారి—
అటువైపు అప్పటికే పెట్టేశారు.

మలాకీ తాత మంచుబండి మీద వచ్చాడు.
ఈ సరస్సు చుట్టూ ఉచ్చులు వేసే హక్కు వాళ్ల నాన్నది,
తర్వాత ఈయనది,
ఈయన తర్వాత ఎవరిదో ఇంట్లో ఇంకా అనుకోలేదు.
"దొరికిందా, హ్యారియెట్?"
పెట్టె లాగి చూపించాను.
అద్దం అక్కర్లేదన్నాడు. రాయిని నాలుకతో తడిపి
చెయ్యి చాపి దూరంగా పెట్టుకుని చూశాడు.
"బీవరు గూటికి మూరెడు అవతల ఉచ్చు వేస్తే
పొద్దున్న ఖాళీ.
గూట్లో బీవరు లేదని ఎవడంటాడు?"
కాసేపాగి,
"అననీలే" అన్నాడు.

బోరు నోటికి మూత బిగించారు.
ఓ కర్రకి నారింజ రంగు గుడ్డ కట్టారు.
నా జీతం శుక్రవారంతో ఆఖరు.
బండి అప్పు ఇంకా పదకొండు నెలలుంది.

నెంబరు గుద్దిన రేకుముక్క పెట్టెకి కొట్టాను.
అరల్లో పైనుంచి మూడోది.
మంచు దాని మీద పడుతుంది, కరుగుతుంది, మళ్లీ పడుతుంది.
లుడివీన్ గీత తిన్నగానే ఉంది, తప్పేం లేదు.
కోసేముందు కడ్డీని నేను ఎటు తిప్పి పెట్టుకున్నానో
రాయడానికి ఆ చీటీలో గడి లేదు.