ఒక గడిలో ఇద్దరు

తాంబరం నుంచి బీచ్‌కి ఏడు నలభై రెండు లోకల్.
ఒళ్ళో వారపత్రిక, మూడో మడతలో గళ్ళనుడికట్టు,
పెన్ను మూత పళ్ళ మధ్య.
క్రోంపేట దాటినా ఒక్క గడీ నిండలేదు.

పక్క సీటాయన తొంగిచూశాడు.
"ఇదేందిమ్మా, మా టాలీ షీటు మాదిరి ఉండాదే?"
తులసింగం నాయుడు. హార్బరులో మూటల లెక్క ఆయనది.
ఇంట్లో నాలుగు తరాలుగా తెలుగే,
అక్షరం మాత్రం ఒక్కటీ రాదు.
"మాట ఉండాది, రాత లేదు" అన్నాడు
చెప్పులు మరిచి వచ్చినవాడిలా
కాళ్ళకేసి చూసుకుంటూ.

చదివి వినిపించాను. అడ్డం ఒకటి:
తల తిరిగితే తీగ. రెండక్షరాలు.
నేను మల్లె అనుకున్నాను, బీర అనుకున్నాను,
వీణ దాకా వెళ్ళి ఉత్త చేతులతో వెనక్కొచ్చాను.
ఆయన కళ్ళు మూసుకుని
తల తల తల తలత లత లత అని
రైలు చప్పుడుకి కలిపి నాలిక మీద దొర్లించి
"లత!" అని అరిచాడు.
ఎదురు సీట్లో కాలేజీ పిల్ల ఉలిక్కిపడి చూసింది.

అక్షరాలు వచ్చిన నాకు తల కనబడింది.
రాని ఆయనకి తిరగడం వినబడింది.

"దీన్ని ఆధారం అంటారు" అన్నాను.
పైన ఊగే పట్టీ చూపించాడు. "అది మాదిరా?"
అదే మాదిరి,
కాకపోతే చెయ్యి చాపగానే ఇది పక్కకి జరుగుతుంది.
వాక్యం ఒకటే. ఒక కొస అర్థం చెబుతుంది,
ఒక కొస చెయ్యాల్సిన పని చెబుతుంది,
మధ్యన అతుకు కనబడకుండా ఇస్త్రీ చేసి ఉంటుంది.
ఆ అతుకు విప్పాలి.
"దర్జీ పనా?"
"తిరగేసిన దర్జీ పని."

సైదాపేటలో పలక దొరికింది.
పల్టీ కొట్టిన కలప మీద అఆలు దిద్దుకో.
ఈసారి నేనే ముందు చెప్పి,
ఆయన అడక్కుండానే వేళ్ళ మీద విడదీశాను:
క, ల, ప. వెనక నుంచి ప, ల, క.
"పలకకి చుట్టూరా కట్టేది చెక్కే కద" అన్నాడు.
ఆ సంగతి నాకు తట్టలేదు.
రాసినవాడికి మాత్రం తట్టిందో లేదో.

ఎగ్మూరులో జనం తోసుకొచ్చారు.
మూరలు కొలిచే బుట్టతో ఒకావిడ మా మధ్య ఇరుక్కుంది.
నిలువు తొమ్మిది:
సముద్రతీరంలో దొరికే గుర్తు. రెండు.
గవ్వ కాదు. పీత కాదు. నత్త అసలే కాదు.
పార్కు పోయింది, ఫోర్టు పోయింది,
బీచ్‌లో రైలాగింది.
ఊరంతటికీ తెలిసిందే,
బీచ్ అని బోర్డుంటుంది, దిగితే సముద్రం కనబడదు.
గోడలు, లారీలు, టీ బంకు పొగ.
"లోపలుండాదమ్మా" అన్నాడు సంచీ భుజానికెత్తుకుంటూ,
"కంచెకవతల. నేను దినామూ పోయేది ఆడికే."

లోపల.

ముందున్న స మీద ఒక వేలు,
తీరం మీద ఇంకో వేలు పెట్టి కప్పాను.
మిగిలింది ముద్ర.

ఆయన లెక్కపెట్టాడు. లెక్క ఆయన వృత్తి.
"ము, ద, ర. మూడు కద? రెండే గళ్ళంటివే."
ద కింద ర ఒదిగి కూర్చుంటుందని చెప్పాను,
ఇద్దరికీ కలిపి ఒకటే గడి.
"ఓ" అన్నాడు, "ఎగ్మూరులో
ఈ పూలామెకి మనం జరిగిస్తిమే, ఆ మాదిరి."

మర్నాడు తనే ఒకటి తెచ్చాడు,
టాలీ షీటు వెనక, తమిళ అక్షరాల్లో తెలుగు:
వల తిప్పితే రాముడి కొడుకు.
"లవ. కానీ లవుడు అనాలి కదండీ.
వకి కొమ్ముండాలి, చివర డు ఉండాలి. అవేవి?"
గిండీ వచ్చింది, పోయింది.
"వల కదమ్మా," అన్నాడు చివరికి,
"చిల్లుల్లోంచి జారిపోయుంటాయి."

నియమాల ప్రకారం అది తప్పు.
పత్రిక అంచున తెల్లగా ఉన్నచోట
మూడు గళ్ళు గీశాను, పక్కన ఒక ల రాసి చూపించాను.
మొదటి గడి దాటి బయటికొచ్చింది ఆయన ల,
కొట్టేసి మళ్ళీ, కొట్టేసి మళ్ళీ.
మాంబళం దాకా తలెత్తలేదు.