ముప్పై రెండోది

సెమరాంగ్‌లో సముద్రం
కాళ్ళు కడుక్కోకుండా లోపలికొచ్చే చుట్టం.
నేల ఏటేటా కుంగుతోందని పేపర్లో వేస్తారు.
కాలేజీలో మేం గామెలాన్ కింద
ఇంకో వరస ఇటుకలు పేర్చుకుంటాం.

చెప్పులు గుమ్మం బయట.
వాయిద్యాన్ని దాటకూడదు, చుట్టూ తిరిగి రావాలి.
దాటితే మార్తొపో మాస్టారు అరవరు.
కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు.
అరిచినా బాగుండేది.

నాకిచ్చింది పెద్ద గాంగ్.
చేతికి వడి లేనివాడికి అదే గతి అని
సారోన్ల వరసలో నవ్వుకుంటారు.
ముప్పై రెండు లెక్కపెట్టాలి, ఒక్కసారి కొట్టాలి.
ముప్పై ఒకటి దాకా నేనెవరికీ అక్కర్లేదు.

ఒక మంగళవారం లియానీ వచ్చింది.
సివిల్ ఫస్టియర్. చైనా పేటలో వాళ్ళది లుంపియా కొట్టు.
గుడ్డసంచిలో తాత ఎర్హు.
ముప్పై ఏళ్ళు బియ్యం డబ్బా వెనక
నోరు మూసుకుని ఉందట.
ఎందుకని మేం అడగలేదు.
మాస్టారు మాత్రం
కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మా రెబాబ్‌కీ రెండే తీగలు.
దాని కమాను పైపైన తిరుగుతుంది,
దీని కమాను రెండు తీగల మధ్యే కాపురం,
బయటికి రాలేదు.
ఒకదానిది గేదె పొట్టలోని పొర, ఒకదానిది కొండచిలువ చర్మం.
పక్కపక్కన కూర్చోబెడితే
వేలువిడిచిన అక్కచెల్లెళ్ళలా
ఎవరు ముందు పలకరించాలో తెలీక బిగుసుకున్నాయి.

శ్రుతి కలవలేదు. లియానీ ఫోన్లో ట్యూనర్ తీసింది.
మా కంచు పక్క కాలేజీ కంచుతోనే కలవదు,
ఫోనుకేం దొరుకుతుంది!
"అది జేబులో పెట్టి గెండెర్ పక్కన కూర్చో" అన్నారు మాస్టారు.
మూడు వారాలు కూర్చుంది
బిరడాని వెంట్రుకవాసి వదులుతూ, బిగిస్తూ.
తాత నేర్పిన ఒక్క స్వరం మాత్రం దిగి రానంది.
అన్నంలో రాయిలా పంటికి తగిలేది.
ఉండనిచ్చాం.

ప్రదర్శన నాడు పున్నమి పోటు.
మూడో పాటకి నీళ్ళు గుమ్మం దాటాయి,
బయట విడిచిన చెప్పులన్నిటినీ
పద్ధతి తెలియని పిల్లల్లా వెంటబెట్టుకుని.
ఎవరూ లేవలేదు. పాంట్లు మడుచుకున్నారు, అంతే.
ముందు వరసలో లియానీ తాత
కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని
బోసినోరు తెరిచి వింటున్నాడు.

ఇరవై ఎనిమిది.
ఎర్హు ఆ రాయి దగ్గరికి వెళ్ళింది.
రెబాబ్ దాన్ని కిందికి లాగలేదు,
పక్కన నడిచింది.
ముప్పై.
ముప్పై ఒకటి. ఎవరిదో చెప్పు వచ్చి
నా పీట కాలికి తట్టింది.

కొట్టాను.

గాంగ్ మోగాక గాలిలో మిగిలే వణుకుని
మా దగ్గర ఒంబాక్ అంటారు.
సముద్రంలో అలకీ అదే పేరు.
నీటి మీద సన్నటి వలయాలు లేచి
ముసలాయన కుర్చీ దాకా పోయాయి.
వాటిలో గాంగ్‌వి ఏవో, పోటువి ఏవో
చూసుకునే తీరిక నాకు లేదు.

ఒకటి.
రెండు.