మూడు పాయింట్ నాలుగు

నయీంనగర్‌ల జిరాక్స్ షాపు మీద గది.
కిటికీ నిండ కరీంనగర్ బస్సుల హారన్లు.
తెర మీద ఒక అంకె:
సగటు స్థానం మూడు పాయింట్ నాలుగు.

ఆడెపు సోమనర్సయ్య కొత్తవాడ నుంచి స్కూటీ మీద వచ్చి
దరీ చుట్ట ఒళ్లె పెట్టుకొని కూసున్నడు.
"మూడు పాయింట్ నాలుగంటే
యాడ నిలబడ్డట్టు బిడ్డా?
మూడో వాని భుజం మీదనా,
నాలుగో వాని నెత్తి మీదనా?"

ఎట్ల చెప్పాలె.
పొద్దున ఆరింటికి ఎవరూ లేవకముందు నువ్వే మొదలు.
పదకొండింటికి పానిపట్టోడు దిగుతడు, నువ్వు నాలుగు.
పొద్దుమీకి జైపూరోడు డబ్బు సంచి ఇప్పుతడు,
నువ్వు ఎనిమిది,
అంటే రెండో పేజీ,
అంటే ఎవరూ చేద వెయ్యని బాయి.
అన్నీ కలిపి భాగిస్తే ఈ అంకె.
నువ్వు ఒక్క గడియ కూడ నిలబడని చోటది.

"ఓహో," అన్నడు, "మా సొసైటీ లెక్క.
సగటు కూలి మూడొందల నలభై అని రాసిండ్రు.
ఆ నలభై ఎవల చేతుల పడ్డదో
ఇయ్యాల్టికీ తెల్వది."

ఎనుమాముల యార్డుల మిర్చి వేలం చూసినవా అని అడిగిన.
చూడకేంది, బామ్మర్దిది చపాట మిర్చి.
ఇదీ అసొంటిదే, కానీ పాట వినపడదు.
భోపాల్‌ల ఎవరో 'నూలు దరీ' అని కొట్టి
వేలు తీసే లోపల
వేలం మొదలై, ముగిసి, బస్తాలు లేచిపోతయి.
ఎక్కువ పాడినోడే గెలుస్తడని లేదు.
వాడు అడిగిన మాటకు నీ మాట ఎంత దగ్గరున్నది,
వాకిలి తీస్తే లోపల సరుకున్నదా,
అదీ తూకమేస్తరు.
ఆఖర్న కట్టేది నీ పాట కాదు,
నీ కింది వాణ్ణి దాటనీకి ఎంత కావాల్నో అంత.

రిపోర్టుల ఒక వింత కనబడ్డది.
రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు
కొత్తవాడ నుంచే రెండు నొక్కులు.
కొన్నది సున్న.
నొక్కుకు పదకొండు రూపాయలు.
తెర ఆయన దిక్కు తిప్పిన.
దరీ కుచ్చులు సవరించుకుంట సోమనర్సయ్య:
"బువ్వ తిన్నంక ఒకసారి చూసుకుంట.
మన పేరు ఉన్నదా లేదా అని.
ఉంటే... లోపలికి పోయి వస్త."

నలభై మూడు రోజులు.
తన ఇంటి కడప తానే దాటనీకి
తొమ్మిదొందల నలభై ఆరు రూపాయలు.
నవ్వొచ్చింది, నవ్వలె.

ఆ రాత్రి పనికి కూసున్న.
'అత్యుత్తమ నాణ్యత, అతి తక్కువ ధర' కొట్టేసిన.
ఆ ముక్క పానిపట్టోడూ రాసిండు, జైపూరోడూ రాసిండు.
'గుంట మగ్గం. ఆరు బై తొమ్మిది.
ఆరు రోజుల నేత. రెండు దిక్కులా పరుచుకోవచ్చు.'
నొక్కితే ఫొటో ముందు రావాలె,
మంత్రిగారి సన్మానం కాదు; దాన్ని కిందికి దించిన.
అక్కరలేని వెతుకులాటలను ఒక్కొక్కటే అడ్డుకున్న:
యోగా మ్యాట్,
కార్పెట్ కడిగేటోళ్లు,
దరి చేరేది ఎట్ల.

ఆ చివరిది ఎవరు అడిగిండ్రో,
రాత్రి రెండుంబావుకు.
వాళ్లకు మేం దరీ చూపించినం.
జరసేపు చెయ్యి ఆగింది.
దాన్నీ అడ్డుకున్న.

పాట పద్నాలుగు నుంచి తొమ్మిదికి దించినా
పదిహేను రోజులకు
ఒకటి పాయింట్ తొమ్మిది.
మంచిర్యాల నుంచి రెండు దరీలు,
పుణె నుంచి ఒకటి, వాపసు కూడ ఒకటి.

తర్వాత్తర్వాత ఆ సగటు గడినే ఎత్తేసిండ్రు.
ఇప్పుడు నూటికి ఎన్నిసార్లు పైన కనబడ్డవో చెప్తరు.
సోమనర్సయ్యకు అది పట్టదు.
తన పేరు తాను నొక్కనని మగ్గం మీద ఒట్టేసిండు,
నిలబెట్టుకున్నడు.
తొమ్మిదిన్నరకు నాకు ఫోన్ చేస్తడు.

"ఉన్ననా?"
"ఉన్నవు."
అంతే, పెట్టేస్తడు.

నిన్న కరెంటు లేదు, తెర నల్లగున్నది.
చూడకనే చెప్పిన.