ఈసారి ఓటు

పోయినసారి నా ఓటు యోహాను మేస్టారికే.
మొత్తం ముప్పై ఏడొచ్చాయి.
ఓడిన రోజు కూడా
అందరి టీకీ ఆయనే డబ్బులిచ్చారు.

ఈసారీ నిలబడ్డారాయన.
నేను మాత్రం మాలకొండయ్య వైపు.

చెక్‌డ్యాంలో వాడెంత సిమెంటు తిన్నాడో
కనిగిరి బస్టాండులో ఎవర్నడిగినా చెప్తారు.
రాత్రి తొమ్మిది దాటితే ఫోనెత్తడు,
ఎత్తినా మాట ముద్దగా ఉంటది.
కానీ ఇంజినీరు బల్ల మీద అరచెయ్యేసి
"మా ఊరికి పైపెప్పుడు?" అని అడిగొచ్చింది వాడే.
ఎదురు నిలబడ్డోడిది నీళ్ళ ప్లాంటు.
క్యాను పదిహేను.
పైపు రాకుంటేనే వాడికి పంట.

మా చిన్నమ్మ మోకాళ్ళు
ఫ్లోరైడుకి వంగి
ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి.
"నిటారు మనిషి గెలిచేదాకా
నిలబడ్డానికి నాకు కాళ్ళేవిరా?" అంది.

కరపత్రాలు చంకలో పెట్టుకుని
గడప గడపా తిరిగాను.
మేస్టారి ఇంటి ముందు మాత్రం
చెప్పులు చేత్తో పట్టుకుని
చప్పుడు కాకుండా దాటబోయాను.

చూడనే చూశారు.
"ఎండలో తిరుగుతున్నావు,
కాసిని నీళ్ళు తాగి పో."

తాగాను.
అవే నీళ్ళు.