ఒక్కటేలే

మృగశిర కార్తె వెళ్లాక అనుకుంటా, మొదట విన్నది.
అటక మీద ఎవరో గోటితో
అట్టపెట్టె గీకినట్టు.
"ఒక్కటేలే, పడుకో" అన్నాడు మస్తానయ్య
అటు తిరిగి.
కోవూరులో, బియ్యం మిల్లు వెనక వీధిలో కాపురముంటా
ఎలుకుందని అరిస్తే
పెన్నలో నిలబడి ఇసకుందని అరిచినట్టే.
నేనూ నవ్వినా.

ముందు అన్నీ చిన్న చిన్నవే.
సబ్బుబిళ్ల మూల. వాము పొట్లం.
మొలగొలుకుల బస్తా అడుగున
బొటనవేలు పట్టే బెజ్జం,
దాని కింద ముగ్గు పోసినట్టు నూక.
బస్తాకి మాసిక వేశా.
కుట్టుమిషను దాన్ని, నాకు తెలిసిన వైద్యం అదే.
తెల్లారేసరికి
మాసిక పక్కన ఇంకోటి.

"వినాయకుడి బండి మే, చంపితే పాపం"
అంది పక్కింటి కస్తూరమ్మ
తన తలుపు సందులో గోనెపట్టా దోపుకుంటా.

బోనొకటి ఉండేది, స్ప్రింగు తుప్పు పట్టి.
ఆదివారం బాగుచేస్తానన్నాడు.
మేం ఆదివారాలు లెక్కపెట్టుకుంటా ఉన్నాం,
అవి కాన్పులు.

శ్రావణంలో
మిషను సొరుగు లాగితే
పెళ్లికూతురి వెంకటగిరి జాకెట్టు లేదు,
ఎర్రటి పీచుతో అల్లిన గూడుంది.
గూట్లో ఆరు కూనలు,
కళ్లు తెరవనివి, పసిబిడ్డ చెవి తమ్మె రంగువి.
చేటలో ఎత్తి కాలవ గట్టున వదిలొచ్చా.
ఆ రాత్రి, నా మంచితనానికి
నాకే ముచ్చటేసింది.
జాకెట్టు డబ్బులు మూడు కంతుల్లో కట్టా.

ఇంకో రోజు ఫ్రిజ్జు వెనక కమురు వాసన.
తీగ తోలు
ఒలిచిన చెరుకు గడలా ఉంది,
గోడ మీద చెయ్యంత మసి.
ఆ పూట కరెంటు కోత రాబట్టి సరిపోయింది.
కోత కోసే వాళ్లకి దణ్ణం పెట్టిన ఆడమనిషి
జిల్లాలో నేనొక్కదాన్నేనేమో.

అప్పుడైనా లేవలేదు మేం.

కార్తీకంలో వాయుగుండం.
పెరడంతా మోకాటి లోతు నీళ్లు,
నీళ్లలో వాటి కలుగులన్నీ కలిసిపోయినాయి.
మస్తానయ్య చెప్పుల్లేకుండా దిగి
తూము పూడిక తీశాడు,
పగిలిన మడమతోటే.
పదోనాడు జొరం.
పిక్కలు ముట్టుకోనిచ్చేవాడు కాదు.
కళ్లు ముందు ఎర్రన, తర్వాత పచ్చన.
నెల్లూరు పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ చీటీ మీంచి తలెత్తకుండా అడిగింది:
"ఇంట్లో ఎలుకలున్నాయా?"

అలవాటైన నాలుక.
"ఒక్కటేనమ్మా" అన్నా.

ఆమె అప్పుడు తలెత్తింది.

పదిహేడు రోజులు.
మూత్రం సీసాలో గీతలు చూసి బతకడం
అప్పుడు నేర్చుకున్నా.

తుపాకుల అంకయ్యని పిలిపించా.
వరిచేలల్లో తోకకింత అని ఎలుకలు పట్టే మనిషి.
లోపలికి రాకముందే గడపలో ముక్కు ఎగబీల్చి,
గోడ వారన జిడ్డు చారని
వేలితో చదువుకుంటా పోయాడు,
పొయ్యి కిందికి, బీరువా వెనక్కి, అటక మీదికి.
"ముప్పైకి తక్కువుండవు" అన్నాడు.
"మట్టి పెడితే తవ్వుతాయి,
గాజుపెంకులు కలిపి సిమెంటు పెట్టు.
గింజ డబ్బాలో ఉండాల, మూత బిగించి.
ఇవేం కొత్తవి కాదమ్మా,
ఆ మొదటిరోజు చెప్పుంటే
ఒక బోనుతో పోయేది."

మూడు రోజులు పట్టాడు.
నేను లెక్క అడగలేదు, అతను చెప్పలేదు.
గోనె మూతి కట్టేటప్పుడు మాత్రం
తల తిప్పుకున్నా.

ఇప్పుడు మస్తానయ్య ఇంట్లోనే, బార్లీ నీళ్లతో.
ఇల్లు సద్దుమణిగింది.
చెవులే సద్దుమణగలా.
నిన్న రాత్రి గీకిన చప్పుడు.
లైటేసి చూస్తే
నిద్దట్లో ఆయన గోరు, మంచం పట్టె మీద.

అయినా
నిచ్చెన వేసి
అటక ఎక్కా.